పంపు రైఫిల్‌తో జింక వేట: ఏ స్కోపు, ఏ తూటా?

పెన్సిల్వేనియాలో థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం జింకల రైఫిల్ సీజన్ మొదలవుతుంది. 2018 దాకా సోమవారం మొదలయ్యేది, 2019 నుంచి శనివారానికి మార్చారు. ఆ వారంలో ఇక్కడి అడవుల్లో తిరిగితే, మిగతా రాష్ట్రాల్లో అంతగా కనబడని తుపాకీ ఒకటి చాలామంది చేతుల్లో కనిపిస్తుంది. అదే పంపు రైఫిల్: బ్యారెల్ కింది పట్టును వెనక్కి లాగి ముందుకు నెడితే తర్వాతి తూటా ఎక్కే తుపాకీ. కారణం చట్టంలోనే ఉంది. జింక, ఎలుగు లాంటి పెద్ద జంతువుల వేటకు ఈ రాష్ట్రం సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళను, అంటే తర్వాతి తూటా దానంతటదే ఎక్కేవాటిని, ఒప్పుకోదు. బోల్టు తుపాకీ కంటే త్వరగా రెండో తూటా వేయాలంటే మిగిలేవి లీవరు, పంపు. పంపు షాట్‌గన్‌తో కుందేళ్ళు, నెమలికోళ్ళు వేటాడి చేయి తిరిగినవాళ్ళకు పంపు రైఫిల్ కొత్తగా అనిపించదు.

పంపు రైఫిల్ అంటే ఎక్కువగా రెమింగ్టనే. 1952లో 760 గేమ్‌మాస్టర్ వచ్చింది. 1981లో దాని స్థానంలో 7600 వచ్చింది. 2020లో కంపెనీ దివాలా తీసి ముక్కలుగా అమ్ముడుపోయింది. కాబట్టి ఈరోజు మీ చేతికి వచ్చేది దాదాపుగా ఎవరో వాడిన తుపాకీయే. దాని మీద అరిగిపోయిన స్కోపు ఒకటి, పక్కన సగం ఖాళీ అయిన తూటాల పెట్టె ఒకటి ఉంటాయి. వాటిని అలాగే ఉంచాలా, మార్చాలా, మారిస్తే ఏవి కొనాలి అన్నదే ఇక్కడి ప్రశ్న.

చాలామంది స్కోపును ఒక దుకాణంలో, తూటాలను ఇంకో దుకాణంలో, దేనికది మంచిదో అడిగి కొంటారు. నా అభిప్రాయంలో ఈ రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావాలి: మీరు నిలబడే చోట జింక ఎంత దూరంలో కనిపిస్తుంది? పంపు రైఫిల్ దట్టమైన అడవి కోసం పుట్టిన తుపాకీ. దానికి తగినవి తక్కువ పవర్ స్కోపు, మధ్యస్థం బరువున్న మామూలు తూటా. ఖరీదైన స్కోపుకు, ప్రీమియం తూటాలకు పోసే డబ్బులో సగం ప్రాక్టీసుకు పెడితే జింక మీద వచ్చే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

కొనే ముందు చట్టం

మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న చోట్ల ఈ విషయం ముందే చూసుకోవాలి. న్యూజెర్సీలో జింకల వేటకు సెంటర్‌ఫైర్ రైఫిల్, అంటే తూటా అడుగు మధ్యలో నిప్పు రగిల్చే ప్రైమరు ఉండే మామూలు వేట రైఫిల్, అనుమతించరు. అక్కడ షాట్‌గన్, మజిల్‌లోడర్ (మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీ), విల్లు వాడతారు. ఒహాయోలో రైఫిల్ వాడొచ్చు కానీ తూటా గొట్టం (మందు నింపే ఇత్తడి డొల్ల) మెడ దగ్గర సన్నబడకుండా తిన్నగా ఉండే రకమే కావాలి. .30-06, .308 లాంటి సీసా మెడ తూటాలు అక్కడ జింకకు పనికిరావు. పెన్సిల్వేనియాలోనే పిట్స్‌బర్గ్ ఉన్న అలెగెనీ కౌంటీ, ఫిలడెల్ఫియా చుట్టుపక్కల చెస్టర్, మాంట్‌గోమరీ, బక్స్, డెలవేర్ కౌంటీలు ప్రత్యేక నిబంధనల కిందికి వస్తాయి. మామూలు సెంటర్‌ఫైర్ రైఫిల్‌తో జింక వేట అక్కడ ఎప్పటినుంచో నిషిద్ధం. చెస్టర్ కౌంటీలోని ఎక్స్‌టన్‌లో ఇల్లు ఉన్నవారు తుపాకీ కొని ఉత్తరాన ఉన్న కొండలకు వెళ్ళాల్సిందే. నిబంధనలు ఏటా మారుతుంటాయి, ఆ ఏడాది రాష్ట్ర వేట పుస్తకం చదవకుండా ఏదీ కొనకండి.

ఇంకో సంగతి, వీసాది. హెచ్-1బి లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది. కానీ స్నేహితుడి మాట మీద ఆధారపడి ఆ మినహాయింపును వాడుకోవద్దు, ఇమ్మిగ్రేషన్ లాయరును అడిగాకే అడుగు వేయండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. ఇండియాలో ఉండి చదువుతున్నవారికి ఇదంతా ఆసక్తి కోసమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర ఇప్పుడు జింక వేటకు దారి లేదు.

స్కోపు: తొమ్మిది రెట్లు ఎందుకు?

ఏ దుకాణానికి వెళ్ళినా ముందుగా చూపించేది 3-9×40 స్కోపు. మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుంది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు. ధర అందుబాటులో ఉంటుంది, రకాలు ఎక్కువ, దాని మీద నాకు కోపమేమీ లేదు. కానీ పంపు రైఫిల్‌కు ఉన్న అసలు బలం ఏమిటో ఒకసారి ఆలోచించండి. బోల్టు తుపాకీలో తూటా మార్చాలంటే కుడిచేయి ట్రిగ్గరు వదలాలి, బోల్టును పైకెత్తి లాగాలి, తల కొద్దిగా పక్కకు జరుగుతుంది. పంపులో కుడిచేయి ఉన్నచోటే ఉంటుంది. ఎడమచేయి ఫోరెండును, అంటే బ్యారెల్ కింది పట్టును, వెనక్కి లాగి ముందుకు నెడుతుంది. చెంప స్టాకు (భుజానికి ఆనించే వెనక భాగం) మీది నుంచి లేవదు, కన్ను స్కోపులోనే ఉంటుంది. మొదటి దెబ్బ తగిలిన జింక ఎటు పరుగెత్తిందో మీరు చూస్తూనే ఉంటారు.

స్కోపు తొమ్మిది రెట్ల మీద ఉంటే ఆ బలం పోతుంది. మామూలు 3-9 స్కోపులో మూడు రెట్ల దగ్గర వంద గజాల దూరంలో సుమారు 33 అడుగుల వెడల్పు కనిపిస్తుంది. తొమ్మిది రెట్ల దగ్గర అది సుమారు 14 అడుగులే. జింక నలభై గజాల్లో ఉంటే లెక్క ఇంకా తగ్గిపోతుంది: తొమ్మిది రెట్ల మీద అయిదారు అడుగులు. అంటే జింక ఒళ్ళు తప్ప ఇంకేమీ కనబడదు. అది రెండు గంతులు వేస్తే మీకు స్కోపులో గోధుమరంగు బొచ్చు, ఆ తర్వాత చెట్ల బెరడు, ఆ తర్వాత ఏమీ లేదు. వెతుక్కోవడానికి తల ఎత్తుతారు, ఈలోగా అది పోతుంది.

అందుకే నా మొదటి ఎంపిక 2-7×33 స్కోపు. రెండు రెట్ల దగ్గర వంద గజాల్లో నలభై అడుగులకు పైగా కనిపిస్తుంది. పొలం గట్టు మీద రెండు వందల గజాల్లో జింక కనబడితే ఏడు రెట్లకు తిప్పుకోవచ్చు, ఆ దూరానికి అంతకంటే ఎక్కువ అక్కరలేదు. ముందు అద్దం చిన్నది కాబట్టి స్కోపును రిసీవరుకు (బ్యారెల్ వెనక, యంత్రభాగాలుండే లోహపు పెట్టెకు) దగ్గరగా, కిందికి బిగించవచ్చు. బరువు కూడా తక్కువ. దాదాపు ప్రతి పెద్ద కంపెనీ ఈ సైజు చేస్తుంది. దుకాణాల్లో 3-9 అంత తేలిగ్గా కనబడదు, అడిగి తెప్పించుకోవాలి.

దట్టమైన అడవిలో నడుస్తూ, మంచులో అడుగుజాడలు పట్టుకుని వెతికే వేట మీదైతే 1-4 లేదా 1.5-5 ఇంకా మంచివి. ఒకటిన్నర రెట్ల దగ్గర వంద గజాల్లో అరవై అయిదు, డెబ్బై అడుగుల వెడల్పు కనిపిస్తుంది. రెండు కళ్ళూ తెరిచి కాల్చవచ్చు. వెర్మాంట్‌లో అడుగుజాడల వేటకు పేరుపడ్డ లారీ బెనాయిట్ వాడింది కూడా 760 కార్బైనే (పొట్టి బ్యారెల్ ఉన్న రకం), .30-06లో. ఆయన స్కోపు లేకుండా, వెనక చిన్న రంధ్రం ఉండే పీప్ సైటుతో వేటాడేవాడు. ఆయన పద్ధతి వేరు, ఆయన కళ్ళు వేరు. నలభై దాటి రీడింగ్ గ్లాసులు పెట్టుకునేవాళ్ళకు ఇనుప సైట్లు మసకగా కనిపిస్తాయి, వాళ్ళకు స్కోపు అనవసరమైన హంగు కాదు.

రెడ్ డాట్ సైట్ల (పెద్దది చేయకుండా గురి మీద ఎర్ర చుక్క చూపించేవి) గురించి కూడా అడుగుతుంటారు. వేగంలో వాటిని మించినవి లేవు. ఎనభై గజాల లోపు కాల్చేవారికి బాగుంటాయి. రెండు ఇబ్బందులు ఉన్నాయి. కొమ్మల మధ్య జింక కొమ్ముల లెక్క చూడటానికి అవి సాయపడవు. పెన్సిల్వేనియాలో ఎక్కువ ప్రాంతాల్లో మగజింకకు ఒక పక్క కనీసం మూడు మొనలు ఉండాలన్న నియమం ఉంది, కొన్ని పశ్చిమ ప్రాంతాల్లో ఆ లెక్క వేరు, కాబట్టి కాల్చేముందు చూసి తేల్చుకోవాలి. రెండోది, గడ్డకట్టే చలిలో బ్యాటరీ నమ్మకం తక్కువ. సైటు కొంటే అదనపు బ్యాటరీ లోపలి జేబులో, ఒంటి వేడికి తగిలేలా పెట్టుకోండి.

వెలుతురు విషయంలో ఒక చిన్న లెక్క పనికొస్తుంది. ముందు అద్దం సైజును రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం వస్తుంది. 40 మిల్లీమీటర్ల అద్దం తొమ్మిది రెట్ల మీద 4.4 ఇస్తుంది. 33 అద్దం నాలుగు రెట్ల మీద 8 దాకా ఇస్తుంది. మసక వెలుతురులో మన కంటిపాప అయిదు నుంచి ఏడు మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా తక్కువ. అంటే చీకటి పడే వేళ స్పష్టంగా చూడాలంటే పెద్ద అద్దం కొనాల్సిన పని లేదు, రెట్లు తగ్గిస్తే చాలు. 50 మిల్లీమీటర్ల అద్దం కావాలంటూ ఎవరైనా నచ్చజెబితే, దాన్ని బిగించడానికి ఎత్తు రింగులు కావాలని, ఆ ఎత్తు పంపు రైఫిల్‌కు శాపమని గుర్తుపెట్టుకోండి.

ఎత్తు గురించి కాస్త ఆగి చెప్పాలి. పాత 760ల స్టాకు ఇనుప సైట్లను దృష్టిలో పెట్టుకుని, చెంప ఆనే చోట కొద్దిగా పల్లంగా ఉంటుంది. దాని మీద స్కోపును ఎత్తుగా బిగిస్తే చెంప గాలిలో తేలుతుంది, గడ్డం మాత్రమే తగులుతుంది. ఇది సరిచూసే పద్ధతి తేలిక. తుపాకీ ఖాళీ అని నిర్ధారించుకుని, కళ్ళు మూసుకుని, సహజంగా భుజానికి ఎత్తి చెంప ఆనించండి. ఆ తర్వాత కళ్ళు తెరవండి. పూర్తి వృత్తం వెలుగుతో కనబడితే స్కోపు ఎత్తు మీకు సరిపోయింది. కిందివైపు నల్లటి నెలవంక కనిపించి, మీరు మెడ సాగదీయాల్సి వస్తే రింగులు మార్చాలి, లేదా స్టాకు మీద చెంప ప్యాడ్ కట్టాలి. స్కోపు కింద నుంచి ఇనుప సైట్లు కూడా చూడగలిగే ఎత్తు మౌంట్లు 760ల మీద విరివిగా కనిపిస్తాయి. అలాంటి మౌంటు ఉన్న తుపాకీ కొంటే తీసేసి, తక్కువ ఎత్తు రింగులు వేయించమనే నా సలహా. రెండు పనులకూ పనికొస్తుందని కొన్న మౌంటు రెండు పనుల్లోనూ ఇబ్బంది పెడుతుంది.

కంటికి, స్కోపు వెనక అద్దానికి మధ్య దూరం కూడా చూడాలి. కనీసం మూడున్నర అంగుళాలు ఉండే స్కోపే తీసుకోండి. .30-06 వెనక్కి తన్నినప్పుడు కనుబొమ మీద అర్ధచంద్రాకారపు గాటు పడ్డవాళ్ళు వేట శిబిరాల్లో కనిపిస్తూనే ఉంటారు. ముఖ్యంగా ఎత్తైన చెట్టు స్టాండు నుంచి కిందికి వంగి కాల్చినప్పుడు తల ముందుకు జారుతుంది.

బ్రాండ్ల గొడవలోకి నేను ఎక్కువగా వెళ్ళను. లూపోల్డ్, వోర్టెక్స్, బర్రిస్ ముగ్గురూ జింక వేటకు సరిపడే మధ్యతరగతి స్కోపులు చేస్తారు, వారంటీ బాగా ఇస్తారు. నైకాన్ మంచి స్కోపులే చేసేది కానీ రైఫిల్ స్కోపుల వ్యాపారం మానేసింది. పాత తుపాకీ మీద నైకాన్ ఉంటే పనిచేస్తున్నంత కాలం వాడుకోండి. స్కోపుకు ఖర్చు చేసేదానిలో బేసు, రింగుల (స్కోపును తుపాకీకి బిగించే పట్టీలు) మీద డబ్బు ఆదా చేయకండి. వదులైన ఒక్క బేసు స్క్రూ ముందు ఖరీదైన అద్దం ఏమీ చేయలేదు. బేసు స్క్రూలకు పలచగా థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) వేసి, తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ డ్రైవరుతో బిగించాలి.

తూటా: తుపాకీ మీద ఏం రాసుందో ముందు చూడండి

7600లు ఎక్కువగా .30-06, .270, .308, .243, .280, .35 వీలెన్ తూటాలకు చేశారు. పాత 760ల్లో .300 సావేజ్, .35 రెమింగ్టన్ కూడా ఉంటాయి. వాడిన తుపాకీ కొనేటప్పుడు బ్యారెల్ మీద చెక్కినదే సత్యం, అమ్మేవాడి మాట కాదు. .300 సావేజ్ తుపాకీ ఎంత అందంగా ఉన్నా, తూటాలు ఎక్కడ దొరుకుతాయో చూసుకోకుండా కొంటే సీజన్ ముందు టెన్షన్ పడాలి. .30-06, .308, .270 మాత్రం చిన్న ఊళ్ళో హార్డ్‌వేర్ షాపులో కూడా ఉంటాయి. నేనైతే కొత్తగా మొదలుపెట్టేవారికి .308 లేదా .30-06 చెబుతాను. 1906లో సైన్యానికి పుట్టిన .30-06కు తూటా రకాలు లెక్కలేనన్ని. .308 తన్ను కొద్దిగా తక్కువ, జింకకు బలంలో లోటేమీ లేదు.

శరీరం చిన్నగా ఉన్నవారు, తన్ను అంటే భయపడేవారు .243ను తక్కువ చేసి చూడొద్దు. .30-06లో 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) తూటా తన్ను .243కు సుమారు రెట్టింపు ఉంటుంది. భయంతో ట్రిగ్గరును కుదుపుగా లాగేవాడి .30-06 కంటే, నిబ్బరంగా కాల్చేవాడి .243 జింకను శుభ్రంగా పడగొడుతుంది. దానికి షరతు ఒకటే: 95 నుంచి 100 గ్రెయిన్ల జింక తూటా వాడాలి. అదే కాలిబర్‌లో 55, 58 గ్రెయిన్ల తేలిక తూటాలు చిన్న జంతువుల కోసం చేసినవి, ఎముక తగిలితే పగిలిపోతాయి. ఇప్పటికే .30-06 ఉండి తన్ను ఇబ్బందిగా ఉంటే హోర్నడీ కస్టమ్ లైట్ లాంటి తగ్గించిన తూటాలు ఉన్నాయి. .35 వీలెన్ మాత్రం ఎలుగులు, మూస్‌లు ఉన్నచోటికి వెళ్ళేవారికి. వైట్‌టెయిల్ జింక కోసం దాన్ని వెతికి కొనాల్సిన అవసరం లేదు.

బరువు ఎంచుకోవడం సులువు. .30-06, .308లకు 150 లేదా 165 గ్రెయిన్లు, .270కు 130. .30-06లో 150 గ్రెయిన్ల తూటా కాగితం మీద సెకనుకు 2,900 అడుగుల వేగంతో బయలుదేరుతుంది, 180 గ్రెయిన్లది సుమారు 2,700. ఆ లెక్కలు పొడుగు టెస్టు బ్యారెల్‌తో తీసినవి. 18.5 అంగుళాల బ్యారెల్ ఉన్న కార్బైన్‌తో వేగం ఇంకొంచెం తగ్గుతుంది, శబ్దం మాత్రం బాగా పెరుగుతుంది. నూట యాభై గజాల లోపు ఆ వేగం తేడా జింకకు తెలియదు, మీ చెవులకు తెలుస్తుంది. చెవులకు రక్షణ లేకుండా కాల్చకండి.

"దట్టమైన పొదల్లోంచి బరువైన తూటా దూసుకుపోతుంది" అనే మాట వేట శిబిరాల్లో ఏళ్ళ తరబడి నడుస్తోంది. దాన్ని నమ్మకండి. కొమ్మ తగిలితే ఏ తూటా అయినా పక్కకు తిరుగుతుంది, బరువైనదైనా, మొద్దు ముక్కుదైనా. దారి ఖాళీగా లేకపోతే కాల్చకపోవడమే సరైనది. తక్కువ పవర్ స్కోపులో ఆ కొమ్మలు బాగా కనబడతాయన్నది ఇక్కడ కలిసొచ్చే విషయం.

తూటా ముక్కు ఆకారం గురించి ఒక అనుమానం తరచుగా వస్తుంది. లీవర్ తుపాకుల గొట్టపు మ్యాగజైన్‌లో మొనదేలిన తూటాలు పెట్టకూడదని విని, పంపుకు కూడా అదే అనుకుంటారు. 760, 7600లకు ఊడదీసే పెట్టె మ్యాగజైన్ ఉంటుంది, తూటాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, కాబట్టి మొనదేలినవి నిర్భయంగా వాడొచ్చు. 1912 నాటి రెమింగ్టన్ మోడల్ 14కు మాత్రం గొట్టపు మ్యాగజైనే. దానిలో తూటా మొన ముందు తూటా ప్రైమరుకు తగలకుండా గొట్టాన్ని మెలికలు తిప్పి చేశారు. ఆ ఇంజనీరింగ్ ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటుంది.

ఇక తూటా రకం. 1939 నుంచి ఉన్న కోర్-లాక్ట్, వించెస్టర్ పవర్-పాయింట్, ఫెడరల్ పవర్-షాక్, హోర్నడీ అమెరికన్ వైట్‌టెయిల్, ఇవన్నీ సీసం గుండు మీద రాగి తొడుగు ఉన్న సాధారణ రకాలు. రెండు వందల గజాల లోపు వైట్‌టెయిల్‌కు వీటిని మించి ఖర్చు పెట్టాల్సిన కారణం నాకు కనబడదు. ఇవి తగలగానే విచ్చుకుంటాయి, చాలావరకు అవతలికి దాటి రక్తపు జాడ వదులుతాయి, ఆ జాడ జింకను వెతకడానికి ముఖ్యం. ప్లాస్టిక్ మొన ఉన్న బాలిస్టిక్ టిప్ లాంటివి దూరపు పొలాల్లో బాగుంటాయి. దగ్గరలో అవి అతివేగంగా విచ్చుకుని భుజం మాంసమంతా రక్తం గడ్డలు కట్టిస్తాయి. నలభై గజాల్లో .270తో భుజం మీద కొట్టిన జింకను ఒలిచినవారికి ఇది వివరించనక్కరలేదు, ముందు కాలు వైపు మాంసం చాలావరకు పారేయాల్సి వస్తుంది. తొడుగుకూ సీసానికీ అతుకు వేసిన ఫ్యూజన్, లోపల గోడ ఉండే నోస్లర్ పార్టిషన్ గట్టివి. ఎలుగును కూడా వేటాడే ఉద్దేశం ఉంటే తీసుకోండి.

సైన్యం తరహా ఫుల్ మెటల్ జాకెట్ తూటాలు మాత్రం వేటకు వాడకండి. చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచినా, అవి విచ్చుకోకుండా సన్నని రంధ్రం చేసి దాటిపోతాయి, గాయపడ్డ జింక మైళ్ళు నడిచి ఎక్కడో బాధపడి చస్తుంది.

సీసమా, రాగా? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు ఈ ప్రశ్న దగ్గర ఆగాలి. సీసపు తూటా విచ్చుకున్నప్పుడు కంటికి కనబడని తునకలు గాయం చుట్టూ అంగుళాల దూరం దాకా చెల్లాచెదురవుతాయి. ఎక్స్-రే తీస్తే చుక్కలుగా కనిపిస్తాయి. కీమా చేయించినప్పుడు అవి మాంసంలో కలిసిపోయే ప్రమాదం ఎక్కువ. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. పెన్సిల్వేనియాలో అలాంటి నిషేధం లేదు. అయినా గర్భిణులు, చిన్నపిల్లలు తినే ఇంట్లో నేను బార్న్స్ టీటీఎస్ఎక్స్ లాంటి పూర్తి రాగి తూటానే చెబుతాను. ఖరీదు ఎక్కువ. రాగి సీసం కంటే తేలిక కాబట్టి ఒక మెట్టు తక్కువ బరువు తీసుకోవచ్చు, .30-06లో 150కు బదులు 130 కూడా బాగా పనిచేస్తుంది. రాగి విచ్చుకోవడానికి వేగం కావాలి, అందుకే తేలిక తూటా కలిసొస్తుంది. రాగికి మారితే స్కోపును మళ్ళీ జీరో చేయాలి (గురిపెట్టినచోటే తూటా పడేలా సర్దాలి), పాత తూటా పడినచోట కొత్తది పడదు.

పంపుకే ప్రత్యేకమైన జాగ్రత్త

బోల్టు తుపాకీలో బోల్టును పైకి ఎత్తేటప్పుడు దాని వాలు అంచు ఖాళీ గొట్టాన్ని చాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే గది) నుంచి కొద్దిగా వదులు చేసి, ఆ తర్వాతే లాగుతుంది. పంపులో అలాంటి సాయం చాలా తక్కువ. ఫోరెండును వెనక్కి లాగిన బలం నేరుగా గొట్టం అంచు మీద పడుతుంది. చాంబర్ తుప్పు పట్టినా, మురికిగా ఉన్నా, తూటా ఒత్తిడి ఎక్కువైనా గొట్టం అతుక్కుంటుంది. అప్పుడు ఏమవుతుందంటే, కాల్చాక ఫోరెండు అరంగుళం వెనక్కి వచ్చి ఆగిపోతుంది. ఇంకా గట్టిగా లాగితే గొట్టం అంచు చిరిగి, ఖాళీ గొట్టం చాంబర్‌లోనే ఉండిపోతుంది. ఆ రోజు వేట అక్కడితో అయిపోయినట్టే.

ఇందుకే పంపుకు ఫ్యాక్టరీ తూటాలు, అదీ మామూలు ఒత్తిడివి వాడండి. అదనపు వేగం అని రాసున్న తూటాలను ఈ తుపాకీలో ప్రయత్నించొద్దు. సొంతంగా తూటాలు నింపుకునే అలవాటు ఉంటే గొట్టాలను పూర్తి పొడవునా సైజు చేయాలి, మెడ మాత్రమే సైజు చేసినవి బోల్టు తుపాకీలో నడుస్తాయి గానీ ఇక్కడ ఇరుక్కుంటాయి. పాత తుపాకీ కొంటే దుకాణదారుణ్ణి చాంబర్ చూపించమనండి. లోపల మచ్చలు, గుంటలు కనబడితే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. కొన్నాక చాంబర్ బ్రష్‌తో శుభ్రం చేయించి, సీజన్ అయ్యాక పలచగా నూనె పట్టించండి. బ్యారెల్‌ను వెనక నుంచి శుభ్రం చేయడానికి ఈ తుపాకీలో దారి లేదు, కాబట్టి తాడు రకం క్లీనరు వాడండి. ఇనుప కడ్డీని ముందు నుంచి దూర్చితే మూతి అంచు అరిగి గురి పాడవుతుంది. కాల్చే ముందు చాంబర్‌లో నూనె మిగలకుండా పొడిగా తుడవడం మరచిపోవద్దు.

జీరో చేయడం

ముందు ఇరవై అయిదు గజాల్లో కాగితం మీద పడేలా చేసి, తర్వాత వంద గజాలకు వెళ్ళండి. చాలా స్కోపుల్లో ఒక క్లిక్కుకు వంద గజాల్లో పావు అంగుళం జరుగుతుంది, ఇరవై అయిదు గజాల్లో అదే జరుపుకు నాలుగు క్లిక్కులు కావాలి. తుపాకీని ఇసుక సంచి మీద పెట్టేటప్పుడు బ్యారెల్‌ను సంచికి ఆనించొద్దు. జరిగే ఫోరెండు మీద బరువు వేయకుండా మ్యాగజైన్‌కు ముందు, రిసీవరుకు దగ్గరగా ఆనిస్తే గుంపు (కాగితం మీద తూటాలు పడ్డ రంధ్రాల వెడల్పు) చక్కగా వస్తుంది. మూడు తూటాలు కాల్చి, బ్యారెల్ చల్లారనిచ్చి, మళ్ళీ మూడు. పంపు రైఫిల్ వంద గజాల్లో రెండు అంగుళాల గుంపు ఇస్తే చాలు. అంతకంటే చిన్నదాని కోసం తూటాల పెట్టెలు ఖాళీ చేయడం అనవసరం.

అడవిలోనే వేటాడితే సరిగ్గా వంద గజాలకు జీరో చేసి వదిలేయండి. .30-06లో 150 గ్రెయిన్లతో రెండు వందల గజాల్లో తూటా సుమారు మూడు, నాలుగు అంగుళాలు దిగుతుంది. జింక గుండె, ఊపిరితిత్తుల భాగం ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుంది, కొద్దిగా పైకి పట్టుకుంటే సరిపోతుంది. పొలాల అంచున కూర్చునేవారు వంద గజాల్లో రెండు అంగుళాల ఎత్తున పడేలా పెట్టుకుంటే రెండు వందల గజాల దాకా లెక్కలేమీ అక్కర్లేదు.

బెంచి మీద జీరో చేశాక బెంచి వదిలేయండి. నిలబడి, మోకాలి మీద కూర్చుని, చెట్టుకు ఆనుకుని యాభై, డెబ్బై అయిదు గజాల్లో కాల్చడం ప్రాక్టీసు చేయండి. ప్రతి దెబ్బ తర్వాత కన్ను స్కోపులోంచి తీయకుండా పంపు లాగడం అలవాటు చేసుకోండి. చాలామంది మెల్లగా, మర్యాదగా లాగుతారు. అలా లాగితే గొట్టం సగం బయటికి వచ్చి ఇరుక్కుంటుంది. ఫోరెండును చివరిదాకా గట్టిగా వెనక్కి, అంతే గట్టిగా ముందుకు కొట్టాలి.

ఎవరికి ఏది

కొండ అడవుల్లో నిలబడి వేటాడే మామూలు వేటగాడికి 2-7×33 స్కోపు, తక్కువ ఎత్తు రింగులు, .308 లేదా .30-06లో 150 గ్రెయిన్ల సాధారణ తూటా. ఇంతకంటే ఆలోచించకండి.

మీ దగ్గర ఇప్పటికే 3-9×40 ఉంటే దాన్ని పారేసి కొత్తది కొనాల్సిన పని లేదు. అడవిలోకి అడుగుపెట్టేటప్పుడు మూడు మీద పెట్టి, జింక దూరంగా, తీరిగ్గా నిలబడి ఉన్నప్పుడు తప్ప తిప్పకండి. పవర్ రింగు మీద మూడు దగ్గర పెయింటు చుక్క పెట్టుకుంటే చూడకుండానే తెలుస్తుంది.

పొలాలూ, కరెంటు తీగల కింద నరికిన పొడుగాటి దారులూ మీ వేటస్థలమైతే .270లో 130 గ్రెయిన్లు, 3-9 స్కోపు సరిపోతాయి. నిజానికి అక్కడ పంపు కంటే బోల్టు తుపాకీ మేలు, ఆ మాట చెప్పకుండా ఉండలేను. వేగం కంటే కచ్చితత్వం అవసరమైన చోటు అది.

మొదటిసారి వేటకు వెళ్ళే భార్యకో, పన్నెండేళ్ళు దాటిన పిల్లకో తుపాకీ చూస్తుంటే .243లో 100 గ్రెయిన్ల తూటా, లేదా .308లో తగ్గించిన తూటా, రెండు నుంచి ఏడు రెట్ల స్కోపు. స్టాకు పొడవు వాళ్ళ చేతికి సరిపోతుందో లేదో చూడండి, చాలని చేయికి పొడుగు స్టాకు ఇస్తే కన్ను ఎప్పుడూ స్కోపుకు సరైన దూరంలో ఉండదు. వేట శిక్షణ కోర్సు ముందే పూర్తి చేయించండి, లైసెన్సుకు అది తప్పనిసరి. నారింజ రంగు దుస్తులు తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాలు కనబడాలి. జనం ఉండే ఇళ్ళకు 150 గజాల లోపు వేటాడకూడదు. అడవిలో ఏదైనా కదిలితే బైనాక్యులర్‌తో చూడండి. స్కోపుతో చూడటమంటే తుపాకీని గురిపెట్టడమే, అవతల ఉన్నది జింకో మనిషో తేలకముందు అది చేయకూడదు.

తూటాలు ఎంచుకున్నాక అదే రకం, వీలైతే పెట్టె మీద అదే లాట్ నంబరు ఉన్నవి మూడు నాలుగు పెట్టెలు ఒకేసారి కొనండి. వేరే లాటుకు గురి కొద్దిగా జరగొచ్చు. వేటకు బయల్దేరే ముందు రోజు, కారులో రాళ్ళ దారి మీద ఎక్కి దిగిన తర్వాత, క్యాంపు దగ్గరి రేంజిలో రెండు తూటాలు కాల్చి జీరో సరిచూసుకోండి. తప్పితే బేసు స్క్రూలు ముందు చూడండి, స్కోపును తిప్పడం తర్వాత.